క్లెయిమ్ ఫైలులో దొరికిన కస్టమర్: ఒక రొయ్యల ఎగుమతి ప్లాంటు కేస్ స్టడీ

ఈ కేసులో కన్సల్టెంట్‌గా నాకు కావలసిన సమాచారం మొదటి రోజు నుంచే ప్లాంటులో ఉంది. అకౌంట్స్ గదిలో, ఇనప బీరువా పై అరలో, లావుపాటి ఆకుపచ్చ ఫైలులో. నేను దాన్ని తెరిచింది ఐదో నెలలో. ఆలోపు ఒక తప్పు సలహా ఇచ్చాను, సంస్థ దాన్ని అమలు చేసి డబ్బు పోగొట్టుకుంది కూడా.

ప్లాంటు ఎక్కడుందో, ఎంత పెద్దదో చెప్పను. గోదావరి జిల్లాల చెరువుల నుంచి వనామీ రొయ్య కొని, తల తీసి, వలిచి, గడ్డకట్టించి ఎక్కువగా అమెరికాకు పంపే మధ్యతరహా సంస్థ అనుకుంటే చాలు. లోపలి అంకెలను గుర్తు పట్టకుండా కొద్దిగా మార్చాను. వాటి మధ్య నిష్పత్తులను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

యజమాని కుటుంబం టైగర్ రొయ్య రోజుల నుంచీ ఈ వ్యాపారంలో ఉంది. తొంభైల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి చెరువులను ఊడ్చేసినప్పుడు చేతులు కాల్చుకుని పక్కకు తప్పుకున్నారు. 2009లో మన దేశంలో వనామీ సాగుకు అనుమతి వచ్చాక మళ్లీ దిగారు. ప్లాంటు అసలు ఎదుగుదల 2013 తర్వాతే. ఆ సమయంలో థాయ్‌లాండ్ చెరువుల్లో పిల్ల దశలోనే రొయ్యలు చచ్చిపోయే రోగం వచ్చి అక్కడి ఉత్పత్తి కుప్పకూలింది. అమెరికన్ బయ్యర్లు సరుకు కోసం ఆంధ్ర తీరానికి పరుగెత్తుకొచ్చారు. ఫోన్ ఎత్తితే ఆర్డర్.

ఈ సంగతిని నేను కాస్త సాగదీస్తాను, ఎందుకంటే తర్వాతి పదేళ్ల ఆలోచన అంతా దీని మీదే నిలబడింది. పక్క దేశం చెరువులో రోగం వచ్చి గిరాకీ పెరిగితే, సంస్థ అది తన పనితనం చూసి వచ్చిన గిరాకీ అనుకుంది. బయ్యర్ ఎందుకు కొంటున్నాడని అడగాల్సిన అవసరమే అప్పుడు కలగలేదు. అడగడం అలవాటు కాలేదు కాబట్టి, కొనడం తగ్గినప్పుడు ఎందుకు తగ్గిందో తెలుసుకునే దారీ లేకపోయింది.

లోపల నాలుగు విభాగాలు, నాలుగు లెక్కలు. కొనుగోలు మేనేజర్‌ని చూసేది కిలో ఎంతకు కొన్నాడని. ప్రొడక్షన్ మేనేజర్‌ని చూసేది టన్ను ముడిసరుకుకి ఎన్ని కిలోలు బయటకు తీశాడని. సేల్స్ మేనేజర్‌కి నెలకు ఎన్ని కంటైనర్లు. అకౌంట్స్‌కి డబ్బు ఎన్ని రోజుల్లో వచ్చింది. నలుగురూ రాత్రీపగలూ కష్టపడేవాళ్లే. ఎవరి లెక్కలోనూ వండుకు తినేవాడు లేడు.

నన్ను పిలిచినప్పటి పరిస్థితి

2022లో ఈక్వెడార్ ఎగుమతులు 10 లక్షల టన్నులు దాటాయి. అక్కడ చెరువులు చాలా పెద్దవి, ఎకరానికి వేసే పిల్ల తక్కువ, రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీ నుంచి మేత మిల్లు, చెరువు, ప్లాంటు దాకా అన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉండటం మామూలు. మన దగ్గర నాలుగైదు ఎకరాల రైతు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు బిల్లు, మేత అప్పు, మధ్యలో ఏజెంట్లు. దానికి తోడు అప్పటికే అమెరికా దిగుమతిదారుల కోల్డ్ స్టోరేజీలు నిండిపోయి ఉన్నాయి. 2023లో ప్రపంచమంతటా రొయ్య ధర పడిపోయింది.

నేను వెళ్లింది ఆ ఏడాది జూన్‌లో. ఎమ్‌డీ గారు మొదటి పది నిమిషాల్లోనే తేల్చి చెప్పారు. "ఈక్వెడార్ వాడు ఇచ్చే రేటుకు మనం ఎలా ఇవ్వగలమో చెప్పండి సార్. మిగతాదంతా మేం చూసుకుంటాం."

నేను ఆ ప్రశ్నను అలాగే తీసుకున్నాను. క్లయింట్ సమస్యను ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే రాసుకోవడం మా వృత్తిలో చాలామంది చేసే పొరపాటే. ఇరవై ఏళ్ల అనుభవం ఉండి కూడా చేశాను.

అంతకుముందు చేసినవి

నేను వెళ్లేసరికే రెండు ప్రయత్నాలు అయిపోయాయి. మొదటిది రేటు తగ్గించడం. పౌనుకు 10, 15 సెంట్లు తగ్గించి ఆర్డర్లు నిలబెట్టుకున్నారు. ఆ తగ్గించిన సొమ్ము ఎక్కడి నుంచో రావాలి కదా. అది రెండు చోట్ల నుంచి వచ్చింది, రెండూ బయటికి కనిపించని చోట్లే.

ఒకటి చెరువు గట్టు. మన దగ్గర కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలని. 40 కౌంట్ కావాలంటే 40 కౌంట్ చెరువు కొనాలి. కానీ 34 కౌంట్ చెరువు ఒకటి, 48 కౌంట్ చెరువు ఒకటి కొని కలిపినా సగటు 40 దగ్గరికే వస్తుంది. ఎదిగీ ఎదగని చెరువును రైతు రోగం భయంతో తొందరపడి పట్టేస్తే అది చౌకగా దొరుకుతుంది. కొనుగోలు మేనేజర్ కిలోకు పది, పదిహేను రూపాయలు మిగిల్చాడు. ఆయన లెక్క ప్రకారం అది మంచి పనే.

రెండోది సోకింగ్ ట్యాంకు. వలిచిన రొయ్యను ఫాస్ఫేట్, ఉప్పు కలిపిన చల్లటి నీళ్లలో నానబెడతారు. పరిమితిలో చేస్తే, లేబుల్ మీద రాస్తే, ఇది ప్రపంచమంతా చేసే పనే. గడ్డకట్టి కరిగేటప్పుడు రొయ్యలోని తేమ కారిపోకుండా ఆపుతుంది. అయితే నానబెట్టే కొద్దీ బరువు పెరుగుతుంది. ఎంత తేడా వస్తుందో ఒక లెక్క చెబుతాను. 40 కౌంట్ రొయ్య ఒక్కోటి 25 గ్రాములు. తల తీస్తే దాదాపు 16 గ్రాములు. వలిచి నరం తీస్తే 14 గ్రాముల లోపు. అమెరికాలో సైజును పౌనుకు ఎన్ని అని చెబుతారు, పౌను అంటే 453 గ్రాముల పైచిలుకు. మన రొయ్య పౌనుకు 33 దాకా తూగుతుంది, అంటే అది 31/40 సైజు (పౌనుకు 31 నుంచి 40). అదే రొయ్యను నానబెట్టి 12 శాతం బరువు పెంచితే పౌనుకు 29 అవుతుంది. ఇప్పుడది 26/30. సైజు ఒక మెట్టు ఎక్కింది, రేటూ ఎక్కింది. ప్రొడక్షన్ మేనేజర్ దిగుబడి లెక్కా బాగుంది.

ఇద్దరు మేనేజర్లూ తమ తమ లక్ష్యాలు దాటారు. ఇద్దరికీ దసరా బోనస్ వచ్చింది.

ఇక రెండో ప్రయత్నం, పిండి పట్టించిన రొయ్యలు తయారు చేసే లైను. దీని వెనక ఆలోచన పిచ్చిదేం కాదు. మన ఎగుమతుల్లో అధికభాగం ఉత్త గడ్డకట్టిన రొయ్యే. "వాల్యూ అడిషన్ చేయాలి" అని ప్రతి మీటింగులోనూ ఎవరో ఒకరు అంటారు. అప్పు తెచ్చి మిషన్ కొన్నారు. ఆ తర్వాత కస్టమర్ కోసం వెతికారు. థాయ్, వియత్నాం ప్లాంట్లకు ఇందులో దశాబ్దాల పట్టు ఉంది. ఒక్కో రిటైల్ దుకాణాల గొలుసుకు ఒక్కో పిండి, ఒక్కో రంగు, ఒక్కో కరకర కావాలి. ఆరుసార్లు శాంపిళ్లు పంపారు, ఒక్క ఆర్డరూ రాలేదు. ప్లాంటులో పని ఒక మెట్టు పెరిగింది, కొనేవాడికి మాత్రం ఏ పనీ తగ్గలేదు. నేను వెళ్లేసరికి మిషన్ మీద నీలం టార్పాలిన్ కప్పి ఉంది.

నా తప్పు

మూడో ప్రయత్నం నా సలహా. తలతో ఉన్న రొయ్యను చైనాకు పంపుదాం అన్నాను. నా తర్కం ఇదీ: అమెరికా మీద ఆధారపడటం తగ్గుతుంది, వలిచే ఖర్చు ఉండదు, సరుకు తొందరగా కదులుతుంది, బ్యాంకు మీద ఒత్తిడి తగ్గుతుంది. నాలుగూ నిజాలే. నాలుగూ సంస్థకు ఏం లాభమో చెప్పేవే తప్ప కస్టమర్‌కు ఏం లాభమో చెప్పేవి కావు. అది నాకు అప్పుడు తట్టలేదు.

తలతో ఉన్న రొయ్యను చైనాకు అమ్మడం ఈక్వెడార్‌కి కంచుకోట లాంటిది. పైగా ఆ సరుకుకి అందం ముఖ్యం. తల ఊడకూడదు, నల్లబడకూడదు, పెంకు మెరవాలి. అంటే చెరువు గట్టు మీదే ఐస్ నీళ్లలో ముంచాలి, గంటల లెక్కన ప్లాంటుకు చేరాలి. మా సరుకు పది పన్నెండు చెరువుల నుంచి సందుల్లో తిరిగి తిరిగి, ఐదారు గంటలకు వచ్చేది. వలిచి అమ్మే రొయ్యకు అది పెద్ద లోపం కాదు, ఎలాగూ తల తీసేస్తాం. తలతో అమ్మాలనుకునేసరికి అదే లోపమై కూర్చుంది. ఇంకో సంగతి: ఈ ప్లాంటు బలమంతా వలిచే షెడ్డులో కూర్చునే నాలుగొందల మంది ఆడవాళ్ల చేతుల్లో ఉంది. నా సలహా ఆ చేతులకే పని లేకుండా చేసింది.

నాలుగు కంటైనర్ల తర్వాత ఆపేశాం. నా ఫీజులో కొంత వదులుకున్నాను. ఎమ్‌డీ గారు వద్దనలేదు.

ఆకుపచ్చ ఫైలు

ఆ నాలుగు కంటైనర్ల నష్టం తేల్చడానికి అకౌంట్స్ ఇన్‌ఛార్జ్ మేడమ్ దగ్గర కూర్చున్నాను. చైనా బయ్యర్ కోత పెట్టిన కాగితాలు తీయబోతూ ఆమె ఆ లావుపాటి ఫైలు దించారు. "ఇందులో అన్ని దేశాల క్లెయిములూ ఉంటాయండి. నెల నెలా కోత పడుతుంది, ఎంట్రీ వేసి ఇందులో పెట్టేస్తాను" అన్నారు.

విదేశీ బయ్యర్‌కి సరుకు చేరాక పెట్టె తెరిచి, కరిగించి, తూచి, లెక్కపెట్టి, లోపముంటే ఫోటోలతో రిపోర్టు పంపుతాడు. తర్వాతి బిల్లులో కొంత కోసుకుంటాడు. అదే క్లెయిమ్. ఆ ఫైలులో 27 నెలల క్లెయిములు 83 ఉన్నాయి. విడివిడిగా చూస్తే అన్నీ చిన్న మొత్తాలే. అందుకే ఎవరూ పట్టించుకోలేదు. సేల్స్ మేనేజర్ వాటిని బేరమాడి తగ్గించేవాడు, అకౌంట్స్ ఎంట్రీ వేసేది, కథ అక్కడితో అయిపోయేది. కొనుగోలు మేనేజర్ ఒక్క రిపోర్టూ చూడలేదు.

రెండు రోజులు కూర్చుని వాటిని డబ్బు ప్రకారం కాకుండా మాటల ప్రకారం విడదీశాను. 34 క్లెయిములు సైజు కలగలుపు గురించి. 21 నీళ్లు కారడం, రబ్బరులా సాగడం గురించి. 11 నికర బరువు తక్కువని. మిగతా 17 నల్లమచ్చలు, పెట్టెలు చిరగడం, కాగితాల తప్పులు.

ఇంతవరకు ఎవరైనా చేయగల పనే. నన్ను ఆపేసింది తర్వాతి వరుస, ఎవరు పంపారన్నది. మాకు అప్పట్లో 11 మంది బయ్యర్లు. 83లో 58 క్లెయిములు ముగ్గురి నుంచే వచ్చాయి. సేల్స్ మేనేజర్ ఆ ముగ్గురిని "గొడవ పార్టీలు" అనేవాడు. వాళ్లు ఇచ్చిన రేట్లు తీయించి చూశాను. మాకు అందరికన్నా ఎక్కువ ఇస్తున్నది ఆ ముగ్గురే, మానకుండా మళ్లీ మళ్లీ కొంటున్నదీ వాళ్లే. రేటు కోసమే వచ్చినవాళ్లు ఒక్క క్లెయిమూ పెట్టేవారు కాదు. పౌనుకు రెండు సెంట్లు తక్కువకు ఇంకోచోట దొరికితే చెప్పకుండా వెళ్లిపోయేవారు.

ఆ ముగ్గురిలో ఒకరి క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ తొమ్మిది రిపోర్టుల్లో దాదాపు ఒకే మాట రాశాడు: పెట్టెలో పై వరుస ఒక సైజు, కింది వరుస ఒక సైజు. రెండేళ్లకు పైగా ఆయన మాకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

వంటగదిలో

డిసెంబరులో ఆ బయ్యర్ దగ్గరికి వెళ్లాం, నేనూ సేల్స్ మేనేజరూ. ఆయన హోటళ్లకు సరుకు వేసే పంపిణీదారు. కొనుగోలు మేనేజర్ కూడా రావాలని పట్టుబట్టాను కానీ వీసా అపాయింట్‌మెంట్ దొరకలేదు. అందుకని ఆయన్ని వీడియో కాల్‌లో ఉంచాం. అక్కడ మధ్యాహ్నం మూడు, ఇక్కడ రాత్రి ఒకటిన్నర. ఆయన ఎలాగూ మేలుకునే ఉంటారు, చెరువుల్లో రొయ్య పట్టేది రాత్రిపూటే కదా. ఆయన వెనక జనరేటర్ శబ్దం, గట్టు మీద లైట్లు కనిపిస్తున్నాయి.

వంటాయన మా ప్యాకెట్ కరిగించి ట్రేలో పోశాడు. ఏం మాట్లాడకుండా చేత్తో మూడు కుప్పలు చేశాడు: పెద్దవి, మధ్యవి, చిన్నవి. ఆయన ప్లేటుకు ఆరు రొయ్యలు పెడతాడు. పక్క టేబుల్ ప్లేటులో పెద్దవి కనిపిస్తే ఈ టేబుల్ వాళ్లు ఊరుకోరు. అన్నీ కలిపి వేయిస్తే పెద్దది ఉడికేలోపు చిన్నది బిరుసెక్కుతుంది. అందుకని రోజూ ఒక మనిషి కూర్చుని మా రొయ్యలను ఏరుతున్నాడు. అమెరికా కూలీ రేటుకు. మేం ఇక్కడ గ్రేడింగ్ మిషన్ దగ్గర మిగిల్చుకున్న పనిని, అంతకు ఎన్నో రెట్లు ఖర్చు పెట్టి అక్కడ ఆయన చేయిస్తున్నాడు.

తర్వాత పెనం మీద వేశాడు. రొయ్య నుంచి నీళ్లు ఊరి, వేగాల్సింది ఉడకడం మొదలెట్టింది.

పంపిణీదారు అక్కడే కాగితం తీసి లెక్క వేసి చూపించాడు. అర్థం కావడానికి ఇక్కడ గుండ్రటి అంకెలు వాడుతున్నాను. పౌను 4 డాలర్ల రొయ్య వండాక 70 శాతం మిగిలితే, వండిన పౌను 5 డాలర్ల 71 సెంట్లు పడుతుంది. పౌను 4 డాలర్ల 25 సెంట్ల రొయ్య 78 శాతం మిగిలితే, వండిన పౌను 5 డాలర్ల 45 సెంట్లే. పైన పెట్టిన పావు డాలర్ ఆయనకు ఖర్చు కాలేదు, మిగులైంది. ఏరే మనిషి కూలీ ఇంకా ఇందులో కలపలేదు.

అంటే మేం ఏడాదిగా రేటు తగ్గిస్తూ, ఆ తగ్గింపును ఆయన వంటింట్లో వసూలు చేసుకుంటున్నాం. చౌకగా ఇస్తున్నామని మేం అనుకుంటుంటే ఆయనకు మేం ఖరీదైన సరఫరాదారులం.

ఫోన్‌లో కొనుగోలు మేనేజర్ చాలాసేపు మాట్లాడలేదు. కెమెరా ఆ మూడో కుప్ప మీద పెట్టమన్నారు. చూసి, "ఆ చిన్నవి ఏ చెరువువో నాకు తెలుసండి" అన్నారు.

ఈ కేసులో మలుపు ఏదంటే ఆ మాటే. తర్వాత మేం తీసుకున్న నిర్ణయాలను ఆయన ఎదిరించి ఉంటే ఒక్కటీ నిలిచేది కాదు.

ఏం మార్చాం, ఎందుకు

మొదటి ప్రశ్న ఎవరికి అమ్మకూడదన్నది. ఇది అన్నిటికన్నా కష్టమైంది. రేటు కోసమే కొనే పెద్ద బయ్యర్ ఒకరు ప్లాంటు సరుకులో నాలుగో వంతు తీసుకునేవాడు. ఆయన్ని వదిలేస్తే షెడ్డులో పని దినాలు తగ్గుతాయి, బ్యాంకు లిమిట్‌కి చూపించే టర్నోవర్ తగ్గుతుంది. ఎమ్‌డీ గారి టెన్షన్ న్యాయమైనదే. ఒక్కసారిగా తెంచుకోలేదు. ఆయన కోసం రేటు తగ్గించడం మాత్రం మానేశాం, ఆయనే నెమ్మదిగా తగ్గిపోతాడని తెలిసి. మూడు నెలల్లో పూర్తిగా పోయాడు. మేం ఆరు నెలలు పడుతుందనుకున్నాం.

రెండోది సోకింగ్‌కి పరిమితి. ప్రొడక్షన్ మేనేజర్ ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. ఆయన జీతంలో కొంత భాగం దిగుబడితో ముడిపడింది. ఒక చేత్తో కొలత అలాగే ఉంచి ఇంకో చేత్తో నీతులు చెబితే ఎవరు వింటారు? కాబట్టి కొలతే మార్చాం. ల్యాబ్ పక్కన చిన్న గదిలో ఇండక్షన్ స్టవ్, గిన్నె, తూకం పెట్టాం. ప్రతి షిఫ్టులో ఒక ప్యాకెట్ కరిగించి, నిర్ణీత నిమిషాలు ఉడికించి, తూచాలి. వండాక మిగిలిన బరువే ఇకపై ఆయన దిగుబడి. మొత్తం ఖర్చు పదివేల లోపు. పక్కన టార్పాలిన్ కింద కోట్ల మిషన్ అలాగే ఉంది.

మూడోది చెరువుల కలగలుపు ఆపడం. ఒక చెరువు సరుకు ఒక లాట్, అంటే దేనితోనూ కలపకుండా ఒకే నంబరుతో వెళ్లే సరుకు. రొయ్యల్లో నూరు తీసి, అన్నిటికన్నా బరువైన పదింటి తూకాన్ని అన్నిటికన్నా తేలికైన పదింటి తూకంతో భాగిస్తే సైజు ఎంత ఒద్దికగా ఉందో తెలుస్తుంది. బయ్యర్లు వాడే కొలతే ఇది. అది 1.4 లోపు ఉంటే రైతుకు కిలోకు 6 రూపాయలు అదనం అన్నాం.

ఇక్కడ ఒకసారి బోల్తా పడ్డాం. శాంపిల్ చెరువు గట్టు మీద ఏజెంటే తీసేవాడు. మొదటి నెలలో దాదాపు అన్ని చెరువులూ 1.4 లోపే వచ్చాయి. ప్లాంటులో గ్రేడింగ్ చేస్తే మళ్లీ పాత కలగలుపే. వల ఎక్కడ విసరాలో మనవాళ్లకు ఒకరు నేర్పాలా? కొలతను ప్లాంటుకు మార్చాం. అప్పుడు రైతులు మొండికేశారు. "ప్లాంటు తూకం ఎవరు నమ్ముతారండీ" అన్నాడొకాయన మొహం మీదే, అనుభవం ఉండే అన్నాడు. చివరికి రైతు తరఫున ఒక మనిషి గ్రేడర్ దగ్గర నిలబడవచ్చని, తూకం చీటీ అదే రోజు ఫోన్‌కి పంపుతామని చెప్పాక కుదుటపడింది. అయినా కొందరు పక్క ప్లాంటుకు పోయారు. ఉన్నవాళ్లలో మాత్రం మార్పు కనిపించింది. భయంతో తొందరపడి పట్టేయడం కాస్త తగ్గింది, మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రేలు చూసి మేత సమంగా చల్లే రైతుకి అదనం ఎక్కువసార్లు దక్కింది.

నాలుగోది క్లెయిమ్ ఫైలు. క్లెయిమ్ వచ్చిన రోజే నలుగురు మేనేజర్లకూ కాపీ. సోమవారం పొద్దున మీటింగులో చదవాలి, అదీ తెలుగులో. ఇది ముందు ఎవరికీ పెద్ద విషయంగా అనిపించలేదు, నాకూ అంతే. కానీ షెడ్డు సూపర్‌వైజర్లు, గ్రేడింగ్ దగ్గర నిలబడే మేస్త్రీలు పదేళ్లుగా ఆ సరుకు పంపుతున్నా, తినేవాళ్లు ఏమంటున్నారో తమ భాషలో వినడం అదే మొదటిసారి. రెండో సోమవారం ఒక మేస్త్రి లేచి, రాత్రి షిఫ్టులో గ్రేడర్ రోలర్ల మధ్య సందు ఎవరు పెంచుతున్నారో, ఎందుకు పెంచుతున్నారో చెప్పింది. సరుకు ఒక్కసారిగా వచ్చి పడితే లారీలు ఖాళీ చేయాలని పెంచుతున్నారు. ఆ సంగతి ఏ కన్సల్టెంటూ కనిపెట్టలేడు.

సేల్స్ మేనేజర్ ఇన్సెంటివ్‌ని కంటైనర్ల లెక్క నుంచి, క్లెయిములు పోగా చేతికొచ్చిన డబ్బు లెక్కకు మార్చాం. ఆయనకు ఇప్పటికీ నా మీద కోపమే.

1990లో జాన్ నార్వర్, స్టాన్లీ స్లేటర్ అనే ఇద్దరు పరిశోధకులు, మార్కెట్‌ను బట్టి నడిచే సంస్థలో మూడు కలిసి ఉండాలని రాశారు: కస్టమర్ మీద చూపు, పోటీదారు మీద చూపు, విభాగాల మధ్య సమన్వయం. చదువుకునే రోజుల్లో మూడోది నాకు చప్పగా అనిపించేది. ఈ ప్లాంటులో రెండోది అవసరానికి మించి ఉంది. పొద్దున లేస్తే ఈక్వెడార్ రేటు ఎంతో అందరి ఫోన్లలోనూ ఉండేది. మూడోది లేకపోవడంతో మొదటిది బీరువా ఎక్కింది.

ఫలితం

మొదటి ఐదు నెలలు ఘోరం. పెద్ద బయ్యర్ పోయాడు, టర్నోవర్ పడింది, షెడ్డులో వారానికి నాలుగు రోజులే పని. ఎమ్‌డీ గారు ఒక రాత్రి ఫోన్ చేసి, "మీ మాట విని మునిగేలా ఉన్నామండీ" అన్నారు. నా దగ్గర సరైన జవాబు లేదు. వండిన బరువు లెక్కలు మెరుగవుతున్నాయని చెప్పాను. జీతాల తారీకున అది వినడానికి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఎనిమిదో నెల నుంచి ఆ ముగ్గురు "గొడవ పార్టీలు" ఆర్డర్లు పెంచారు. వాళ్లలో ఒకరు తన లేబుల్ మీద పెట్టే ప్రధాన రకాన్ని పూర్తిగా మాకే ఇచ్చాడు. నెలకు మూడుగా ఉన్న క్లెయిములు ఒకటికి తగ్గాయి. 2025 మధ్యకి ప్లాంటు టర్నోవర్ పాత స్థాయికి రాలేదు, లాభం మాత్రం దాటింది. ఇదంతా మా గొప్పే అని చెప్పలేను. ఆ కాలంలో మార్కెట్ రేటు కూడా కొంత కోలుకుంది, దేని వాటా ఎంతో విడదీసే దారి లేదు.

ఆగస్టు 2025లో అమెరికా సుంకం మొదట 25 శాతం, నెలాఖరుకు మొత్తం 50 శాతం అయింది. పాత యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది), సబ్సిడీ వ్యతిరేక సుంకాలు దీనికి అదనం. ఈక్వెడార్‌కి 15, ఇండోనేషియాకి 19, వియత్నాంకి 20 శాతం ఉండేవి. ఇంత తేడాను ఏ వండిన బరువూ పూడ్చలేదు. కస్టమర్‌కి విలువ ఇస్తే ఏ తుఫానైనా తట్టుకోవచ్చని చెప్పేవాళ్లు ఒకసారి ఆ ఆగస్టులో ఏ ప్లాంటు గేటు దగ్గరైనా నిలబడి ఉండాల్సింది. మా ముగ్గురిలో ఒకరు పూర్తిగా ఆపేశాడు. ఇద్దరు తగ్గించి, తమ హోటళ్ల మెనూలో స్థిరపడిన ఆ ఒక్క రకాన్ని మాత్రం భారం సగం సగం పంచుకుని కొనసాగించారు.

అనుకోకుండా కలిసొచ్చింది ఇంకొకటి. యూరప్ మన సాగు రొయ్యల్లో సగం కన్‌సైన్‌మెంట్లను సరిహద్దులో యాంటీబయాటిక్ అవశేషాల కోసం పరీక్షిస్తుంది. రొయ్య పట్టే ముందు చెరువు పరీక్ష కూడా ఉండాలి. పెట్టె మీది నంబరు నుంచి చెరువు దాకా వెనక్కి వెళ్లగలగాలి. ఒక చెరువు ఒక లాట్ అన్న పద్ధతి మేం సైజు కోసం పెట్టుకున్నాం. యూరప్ బయ్యర్ ఆడిటర్ వచ్చినప్పుడు ఆ రికార్డే ముందు పెట్టాం. అక్కడికి కొద్దికొద్దిగా సరుకు వెళ్తోంది. అమెరికా లోటును పూడ్చేంత కాదు.

మళ్లీ చేయాల్సి వస్తే

మొదటి వారంలోనే క్లెయిమ్ ఫైలు అడుగుతాను. ఇప్పుడు ఏ సంస్థకు వెళ్లినా అదే చేస్తున్నాను, ఆ ఫైలు ఏ విభాగంలో ఉందో చూస్తే చాలావరకు అర్థమైపోతోంది. రైతు అదనాన్ని గట్టు మీద కొలవడం మొదలెట్టను. పెద్ద బయ్యర్ పోతాడని తెలిసినప్పుడు మూడు నెలల జీతాల డబ్బు పక్కన పెట్టించాకే ఆ పని చేస్తాను. షెడ్డులో పని తగ్గిన ఆ ఐదు నెలలు, మా వ్యూహం ఖర్చును రోజు కూలీ ఆడవాళ్లు భరించారు. దాన్ని నేను ప్లాన్‌లో ఎక్కడా రాయలేదు.

సుంకాలు పెరిగాక ఎమ్‌డీ గారు ఒకసారి ఫోన్ చేశారు. కొత్త బయ్యర్ ఒకాయన, సోకింగ్ పాత పద్ధతిలో ఎక్కువగా చేసిన సరుకే కావాలంటున్నాడట, రేటు తక్కువ, డబ్బు ముందే ఇస్తాడట. షెడ్డు సగం ఖాళీగా ఉంది. వద్దన్నాను. "వద్దనడం తేలికేనండీ, సోమవారం షెడ్డులో వాళ్లకు నేనేం చెప్పను?" అన్నారు. బయ్యర్ లేబుల్ మీద, ఫాస్ఫేట్ శాతం ఉన్నదున్నట్టు రాసి, రెండు కంటైనర్లు పంపారు. వాటి మీద ఇప్పటిదాకా క్లెయిమ్ రాలేదు.